నాటుకోడి నియమం

చెంచురామయ్య ఆ రోజు పొద్దున్నే రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, తోటలో పామాయిల్ గెలలు కోయించడం. రెండోది, వాట్సాప్ గ్రూపులో జనానికి మర్యాద నేర్పించడం. మొదటిదానికి మనుషులు కావాలి, రెండోదానికి ఒక్క వేలు చాలు కదా అని ముందు దాన్నే మొదలుపెట్టాడు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

దమ్మపేట అవతల ఆ ఊళ్ళో పామాయిల్ వేసిన ప్రతి రైతూ ఆ గ్రూపులో ఉన్నాడు. పెట్టింది చెంచురామయ్యే కనుక అడ్మిన్ కూడా ఆయనే. రోజూ పొద్దున సూర్యుడి బొమ్మతో శుభోదయం చెప్పుకుని మొదలుపెట్టేవారు. టిఫిన్ల వేళకు ట్రాక్టర్ వంతుల మీదికి, మధ్యాహ్నానికి గట్టు తగాదాల మీదికి, పొద్దుగూకేసరికి ఒకరి తాతల మీదికి ఒకరు వెళ్ళేవారు. మామూలు రోజుల్లో అయితే చెంచురామయ్య కూడా అవన్నీ చదువుకుని సంతోషించేవాడే. కానీ ఇప్పుడు ఊరికి కాటా వచ్చే సూచన కనిపిస్తోంది.

కాటా అంటే ఫ్యాక్టరీవాళ్ళు గెలలు తూకం వేసి తీసుకునే చోటు. అది ఊళ్ళో లేకపోవడం వల్ల, కోసిన గెలలు ట్రాక్టర్ దొరికేదాకా గట్టు మీద ఎండి, ఆ తర్వాత ఎక్కడో దూరాన ఉన్న కాటా ముందు వరుసలో మళ్ళీ ఎండి, సగం బరువు గాలికి ఇచ్చుకునేవి. ఊరికో కాటా తేవాలని చెంచురామయ్య ఏళ్ళ తరబడి తిరగని ఆఫీసు లేదు. చేతిలో సంచి, సంచిలో అర్జీ, కాళ్ళకు బొబ్బలు. చివరికి ఫ్యాక్టరీ ఫీల్డ్ ఆఫీసర్ ప్రమీల మనసు కాస్త మెత్తబడింది.

"పక్క ఊరోళ్ళు గూడ అడుగుతున్నరు సార్," అంది ఆమె. "కాటా పెడితే ఎవరి లోడు ఎప్పుడు రావాల్నో రోజూ గ్రూపులనే చెప్పుకోవాలె. మీ ఊళ్ళె కొట్లాటలు ఎక్కువని విన్న. నన్ను గ్రూపుల చేర్చున్రి. ఓ వారం చూసి చెప్త."

"కొట్లాటలా? మావాళ్ళు వెన్నపూసలమ్మా!" అనేసి చెంచురామయ్య ఇంటికొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ రాత్రంతా ఆలోచించగా తట్టిందే ఈ నియమం. డబ్బు జరిమానా పెడితే దాని మీద ఇంకో కొట్లాట. గ్రూపులోంచి తీసేస్తే ఊళ్ళో ఇంకో గ్రూపు. అందుకని పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇలా రాశాడు: "గ్రూపులో ఎవరైనా నోరు జారి ఒకరిని మాట అంటే, ఆ మాట పడినవారిని కుటుంబ సమేతంగా ఇంటికి పిలిచి భోజనం పెట్టాలి. నాటుకోడి తప్పనిసరి. ఇట్లు, అడ్మిన్."

భార్య పద్మావతమ్మ వెనక నిలబడి చదివింది. "మధ్యలో కోడి ఎందుకండీ?"

"పప్పుచారుకు ఎవడు భయపడతాడే? కోడి పోతుందంటే నోరు అదుపులో ఉంటుంది."

"కోడి పెట్టేవాడి నోరు అదుపులో ఉంటుంది, సరే. తినేవాడి నోటి సంగతేంటి?"

ఆ ప్రశ్న చెంచురామయ్యకు అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మొదట్లో నియమం బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రమీల గ్రూపులో చేరిన రోజు దండాల బొమ్మలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. మర్నాడే నాగరాజు నోరు జారాడు. అతని కాలువకు కోటేష్ అడ్డం వేశాడట. కోపం ఆపుకోలేక "గాడిద" అని పెట్టేశాడు. నియమం నియమమే కనుక, ఆ సాయంత్రమే కోటేష్ పెళ్ళాం బిడ్డలతో సహా తండా నుంచి వచ్చి నాగరాజు ఇంట్లో కూర్చున్నాడు. కడుపునిండా తిని, ఇంటికి వెళ్ళి, విస్తరి ఫోటో గ్రూపులో పెట్టాడు. "ముక్క మంచిగ ఉడికింది. నాగరాజన్నకు ధన్యవాదాలు" అని కింద రాశాడు.

ఆ ఫోటో ఊరిని పాడు చేసింది. తిట్టించుకుంటే కోడికూర దొరుకుతుందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. తట్టాక ఇంక పట్టేవాళ్ళు లేరు. అందరికీ తిట్లు కావాలి, తిట్టేవాడు ఒక్కడూ లేడు. దాంతో ఎదుటివాడిని రెచ్చగొట్టడం మొదలైంది, అదీ మహా మర్యాదగా.

"నాగరాజన్న పాదాలకు దండం. నిన్న మీ బర్లు మా తోటకు వచ్చి మా గౌరవం పెంచినయి. మళ్ళెప్పుడు పంపిస్తరు?" అని ఒకరు.

"అడిగినందుకు సంతోషం తమ్మీ. నీ అంత తెలివి మాకు లేదు. ఉంటే మేం గూడ పక్కోని గట్టు మీద మొక్కలు పెట్టుకునేటోళ్ళం," అని పళ్ళు కొరుకుతూ నాగరాజు.

రోజూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆగలేకపోయేవారు, ఎక్కడో ఒక కోడి నేలకొరిగేది. మాల వేసుకుని దీక్షలో ఉన్న పగిడయ్యను ఎవరో మొద్దు అన్నారు. "నేను దీక్షల ఉన్న. నా కోడిని మాల తీసేదాక మంచిగ మేపున్రి" అని ఆయన జవాబు పెట్టాడు.

ఇన్నింటి మధ్య ప్రమీల ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. చదువుతోందని మాత్రం తెలుస్తోంది. చెంచురామయ్య మురిసిపోయాడు. పైకి చూస్తే గ్రూపంతా గారూ, దండం, ధన్యవాదాలే కదా! కాటా వచ్చినట్టేనని పద్మావతమ్మతో రోజుకు రెండుసార్లు అన్నాడు.

వారం నిండబోయే ముందు ఆయన తోటలో కోత పూర్తయింది. గెలలన్నీ గట్టు మీద పోగుపడ్డాయి. "రేపు పొద్దున ఎవరి ట్రాక్టర్ ఖాళీ?" అని గ్రూపులో అడిగాడు.

"ఇంత మంచి మాట అడిగినందుకు దండాలు," అన్నారొకరు. "పెద్దలు మమ్మల్ని అడగడమే పదివేలు," అన్నారింకొకరు. "ముందు మోతీలాలన్న చెప్పాలె, ఆయన పెద్దోడు," అంటే, "అయ్యో, నాకంటె ముందు నాగరాజు చెప్పాలె," అని మోతీలాల్. లేదని చెబితే మర్యాద కాదు. ఉందని చెబితే గొప్పలు పోయినట్టు. సాయంత్రానికి యాభై దండాలు వచ్చాయి, ట్రాక్టర్ రాలేదు. మర్నాడూ అంతే. గెలల్లోంచి పండ్లు రాలి గట్టంతా పరుచుకున్నాయి. పడ్డ కష్టమంతా కళ్ళముందే ఎండిపోతుంటే చెంచురామయ్యకు ఏడుపు ఒకటే తక్కువ.

అప్పుడు కోటేష్ ఒక మెసేజ్ పెట్టాడు. "చెంచురామయ్యన్న గెలలు గట్టు మీద ఎంత అందంగ ఉన్నయి! చూసేతందుకు రెండు కండ్లు చాలుతలేవు."

చెంచురామయ్య ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మైకు గుర్తు నొక్కిపట్టాడు.

"ఒరేయ్ గాడిదల్లారా! ట్రాక్టర్ ఉందా లేదా అంటే దండాలు పెడతారేందిరా! మీలో ఒక్కడికన్నా బుర్ర ఉందా? కోడి ముక్కకు ఆశపడి ఊరినే ముంచుతున్నారు! మొత్తం గ్రూపంతా దద్దమ్మలే! అందరూ! ఒక్కరు మిగలకుండా!"

వేలు తీశాడు. మెసేజ్ వెళ్ళిపోయింది. గ్రూపులో ప్రమీల కూడా ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గబగబా డిలీట్ చెయ్యబోయాడు. కళ్ళజోడు లేదు. అందరికీ పోయేది నొక్కబోయి, తనకు మాత్రమే పోయేది నొక్కాడు. తిట్టు ఊరందరి ఫోన్లలో ఉంది, ఆయన ఫోన్లో మాత్రం లేదు. హమ్మయ్య అనుకుని టీ తాగాడు.

టీ అయ్యేలోపు కోటేష్ రాశాడు. "అన్నా, అందరినీ అన్నరు గదా. ఆదివారం అందరం వస్తం. కుటుంబ సమేతంగ." దాని కింద రెండు వందల చిల్లర బొటనవేళ్ళు. చివర్లో ప్రమీల మాట: "నేను కూడా వస్తాను."

చెంచురామయ్య కుర్చీలో కూలబడ్డాడు. "కాటా పోయిందే," అన్నాడు పద్మావతమ్మతో. "ఊరికి మంచి చేద్దామని పోతే నా నోరే ముంచింది."

"కాటా సంగతి తర్వాత. మన దగ్గరున్నవి పదకొండు కోళ్ళు," అంది ఆమె.

ఆదివారం అందరికంటే ముందు మోతీలాల్ వచ్చాడు, ట్రాక్టర్ తోలుకుని. "గెలలు ఎక్కిద్దాం పా అన్నా. ఆ పొద్దు గూడ నా ట్రాక్టర్ ఖాళీనే. నా ముందు గంతమంది దండాలు పెట్టంగ, నేనొక్కణ్ణే పని మాట మాట్లాడితే బాగుండదని ఊకున్న."

"నీ మర్యాద తగలెయ్య!" అన్నాడు చెంచురామయ్య. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు.

పదకొండు కోళ్ళతో ఊరంతటికీ భోజనం పెట్టడం కుదరదని ఊరికీ తెలుసు. మోతీలాల్ భార్య బాలి జొన్నరొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాగరాజు రెండు కోళ్ళు తెచ్చాడు. ఒకరు బియ్యం, ఒకరు వంకాయలు. కోటేష్‌ను పద్మావతమ్మ ఉల్లిపాయల గుట్ట ముందు కూర్చోబెట్టింది. "బాగా ఏడువు నాయనా, కొంచెమన్నా పాపం పోతుంది," అంది.

బంతులు లేచేలోపు కాలువ మీద నాగరాజూ కోటేషూ అరుచుకున్నారు. పక్కనున్నవాళ్ళు ఇద్దరినీ తిట్టారు. పెరుగు వడ్డించేసరికి కాలువకు అడ్డం తీసేయడానికి ఒప్పందం అయిపోయింది. వచ్చే వారానికి ట్రాక్టర్ వంతులు కూడా అదే అరుపుల్లో తేలిపోయాయి. ప్రమీల ఇదంతా చూస్తూ రొట్టె తింటోంది.

చెంచురామయ్య చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. "అమ్మా, కోపంలో మిమ్మల్ని కూడా కలిపి..."

"మీ మెసేజ్ ఇన్నంకనే నాకు నమ్మకం కుదిరింది సార్," అంది ఆమె. "అంతకుముందు అది రైతుల గ్రూపేనా అని డౌటొచ్చింది. వారమంత దండాలే, అడిగిందానికి ఒక్కరన్న జవాబియ్యలే. రేపు కాటా కాడ 'ముందు మీరు, ముందు మీరు' అనుకుంట నిలబడితే గెలలు ఆడనే మురిగిపోతయి. ఇయ్యాల చూసిన. ఒర్రుకున్నరు, తిన్నరు, పని తెంపుకున్నరు. కాటా మీ ఊరికే. గా కోడి రూల్ మాత్రం జల్దీ తీసెయ్యున్రి."

కేకలతో పందిరి ఎగిరిపోయినంత పనైంది. ఎవరో చెంచురామయ్యను ఎత్తుకున్నారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, దించమని అందర్నీ తిడుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే గ్రూపులో కొత్త నియమం పెట్టాడు: "అడిగినదానికి ముందు జవాబు. దండాలు తర్వాత."

మర్నాడు పక్క ఊరివాళ్ళు, తమనూ ఆ గ్రూపులో చేర్చుకోవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తూ ఒక పొడుగాటి మెసేజ్ పంపారు. మరీ మర్యాదగా ఉన్నారని చెంచురామయ్య చేర్చుకోలేదు.