ఒకే గదిలో ఆన్‌లైన్ రాజీ

మా అమ్మకీ పిన్నికీ రాజీ కుదర్చడానికి ముందుగా చేయాల్సిన పనులివి. ఇద్దరి ఫోన్లలోనూ యాప్ ఎక్కించాలి. వేరువేరు పాస్‌వర్డ్‌లు పెట్టాలి, ఒకరిది ఒకరికి తెలియకూడదు. ఎంత బాధ కలిగిందో పదికి మార్కులు వేయించాలి. (అమ్మ తొమ్మిది వేసిందని తెలిసి పిన్ని పది వేసింది.) మొహాల మీద వెలుగు పడేలా కూర్చోబెట్టాలి.

మా ఇంట్లో డిగ్రీ గట్టెక్కింది నేనొక్కడినే కాబట్టి ఇవన్నీ నా నెత్తినే పడ్డాయి. చదువుకున్నవాడిగా బాధ్యతతో చెబుతున్నాను: మానవజాతికి ఆన్‌లైన్ మధ్యవర్తిత్వాన్ని మించిన వరం లేదు!

నవ్వకండి. ఇదివరకు ఇంట్లో గొడవొస్తే ఏమయ్యేది? ఇద్దరూ ఒకేసారి అరుచుకునేవారు, ఏడ్చేవారు, సాయంత్రానికి కలిసి టీ తాగేసేవారు. ఎంత అనాగరికం! ఒక కేసు నంబరైనా ఉండేదా?

ఇప్పుడు చూడండి. ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలన్న విషయమ్మీద మా ఎదురింటి దంపతులు వేసవిలో కేసు వేశారు. చలికాలం వచ్చేసింది, కేసు మాత్రం చెక్కుచెదరలేదు! మా ఆఫీసులో పక్కపక్క కుర్చీల వాళ్లిద్దరు గుడ్‌మార్నింగ్ కూడా మధ్యవర్తి ద్వారానే చెప్పుకుంటారు. అది చేరేసరికి సాయంత్రమవుతుంది. అయితేనేం, పద్ధతి ముఖ్యం కదా!

ఇక మా కేసు. మాది కుట్టుపని షాపు. అమ్మ కత్తిరిస్తుంది, పిన్ని కుడుతుంది. ఒకరి పని రెండోవారికి రాదు. ఒక టీచరమ్మ జాకెట్టుకి అమ్మ గీసిన గీతని పక్కనపెట్టి, పిన్ని దాని చేతులు మడిచి కుట్టి పొట్టివి చేసేసింది.

"నాకు చెప్పకుండా ఎలా చేస్తావే?"

"చెబితే వినే రకమా నువ్వు?"

అంతే, మాటలు బంద్. కత్తిరించిన బట్టలు గుట్టపడ్డాయి. కస్టమర్లు వేరే షాపు వెతుక్కుంటున్నారు. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే మేం తాళం వేసుకోవడమే.

వాయిదా రోజు రానే వచ్చింది. తెర మీద మధ్యవర్తి అమ్మాయి మర్యాదగా మొదలుపెట్టింది.

"మేడమ్, ఈ క్షణంలో మీ అక్కగారి మనసు ఎలా ఉందో ఊహించి చెప్పండి."

"ఊహించడమెందుకమ్మా?" అంది పిన్ని. "ఎదురుగానే మూతి ముడుచుకుని కూర్చుంది."

అమ్మాయి కంగారుపడిపోయింది. ఇద్దరూ వేరువేరు గదుల్లో ఉండాలట, అది నిబంధన. మా షాపుకి ఉన్నదే ఒక గది. చదువు ఊరికే పోతుందా? కుట్టడానికి వచ్చిన పొడవాటి కర్టెన్ గుడ్డ తీసి మధ్యలో తాడు మీద వేలాడదీశాను. ఒక గది రెండయింది!

రెండు నిమిషాలైనా కాలేదు, గుడ్డ ఒక పక్కకి జారింది. కింద మిషను నూనె గిన్నె.

"ఒసేయ్, నూనెలో పడుతోందే! పట్టుకో!"

"నాకు కళ్లు లేవా? ముందు నువ్వు ఆ కొస లాగక్కా!"

"దయచేసి ఒకరి తర్వాత ఒకరు..." అంటోంది తెర మీద అమ్మాయి. ఎవరు విన్నారు? గుడ్డ కొసలు చెరొకరూ పట్టుకుని బిగించారు. మడత కోసం ఒకరికొకరు ఎదురు నడిచారు. కొసలు కలిశాయి, చేతులూ కలిశాయి.

"ఆవిడకి పొట్టిచేతులే నప్పాయిలే," అంది అమ్మ, గుడ్డ వైపు చూస్తూ.

"నీ గీత కూడా మరీ అంత వంకరేం కాదులే," అంది పిన్ని.

మిషను చప్పుడు మొదలైంది.

నేను సిగ్గుతో తల వంచుకుని ఫోను ముందుకెళ్లాను. "క్షమించండి మేడమ్. మావాళ్లు నిబంధనలు తప్పి కలిసిపోయారు."

"ఫోను ఇంకాసేపు అలాగే ఉంచుతారా?" అంది ఆ అమ్మాయి. "ఆ చప్పుడు బాగుంది. మా అక్కా నేనూ మాట్లాడుకుని చాలా కాలమైందండీ. నేనూ ఇక్కడే కేసు వేశాను. ఇంకా తారీఖు రాలేదు."

"అయ్యో! అక్కగారు ఎక్కడుంటారు?"

"మా పై వాటాలోనే."

ఈ వరాన్ని నేనింకా పొగుడుతూనే ఉన్నాను, అనుమానం పెట్టుకోకండి. ఒక్క చిన్న మనవి. మీ ఇంట్లో పెద్ద దుప్పటి మడతపెట్టడానికి ఎవరినైనా కేకేసినప్పుడు, ఆ అమ్మాయిని ఒకసారి తలుచుకోండి. పై వాటాలో ఉన్న ఆ అక్క మీరే అయితే మాత్రం తలుచుకుని ఊరుకోకండి. దుప్పటి పట్టుకుని కిందికి దిగండి.