మా వాడలో ఓడ నిలబడిన రోజు

కొయ్య ఓడ ఒకటి స్వహస్తాలతో తయారుచేయాలని మీకు ఎప్పుడైనా కోరిక పుడితే, దయచేసి సముద్రతీరానికి వెళ్లకండి. సముద్రం ఓడలు నడపడానికి పనికివస్తుందేమో గానీ, తయారుచేయడానికి ఎందుకూ కొరగాదు. ఓపెన్‌కాస్టు గని పక్కన ఒక ఇల్లు అద్దెకు తీసుకోండి!

నవ్వకండి. నేను ఉస్మానియాలో తర్కశాస్త్రం చదివి, ఆ తర్కాన్నే గనుల పట్టణపు పిల్లలకు ఉద్యోగ విరమణ దాకా బోధించినదాన్ని. కారణం చూపకుండా కార్యాన్ని ప్రతిపాదించే అలవాటు నాకు లేదు. బొగ్గు మీది రాతిపొరను పగలగొట్టడానికి ప్రతి మధ్యాహ్నం పేల్చే బాంబుల వల్ల మానవజాతికి కలుగుతున్న మేలును ఇంతవరకు ఎవరూ క్రమపద్ధతిలో నిరూపించలేదు. ఆ లోటు ఇప్పుడు తీరబోతున్నది.

మా వాడ గోదావరిఖని నుంచి ఆటోలో వెళ్లగలిగినంత దూరంలో ఉంది. పేరు మాత్రం చెప్పను. చెబితే మీరంతా ఓడలు చంకన పెట్టుకుని వచ్చేస్తారు, అద్దెలు పెరుగుతాయి.

అన్నిటికీ మూలకారణం నా వేళ్లు. కీళ్లు బిగుసుకుపోతున్నాయని, వేళ్లకు ఏదైనా సన్నని పని చెప్పమని డాక్టరు సలహా ఇచ్చాడు. వత్తులు చేసుకుంటే సరిపోయేది. కానీ హైదరాబాదులో ఉన్న నా మేనకోడలు మనీషకు ఈ సంగతి తెలిసి, ఒక కిట్టు కొరియర్ చేసింది. అందులో పేళ్లలాంటి చెక్కముక్కలు, దారపు ఉండలు, ఒక జిగురు సీసా, ఒక పుస్తకం. వీటన్నిటినీ సరిగా కలిపితే మూడు తెరచాపల ఓడ అవుతుందని డబ్బా మీద బొమ్మ ఉంది. సరిగా కలపకపోతే ఏమవుతుందో బొమ్మ లేదు. అది మా ఇంట్లో ఉంది.

ఆ పుస్తకం ఏ దేశంలోనో పుట్టి, ఇంగ్లీషులోకి బలవంతంగా కాపురానికి వచ్చినది. "పక్కటెముకను దాని స్వభావానుసారం సంతోషపెట్టి అతికించుము" అని అందులో ఒక వాక్యం. ఓడ పక్కటెముక స్వభావం ఏమిటి? అది దేనివల్ల సంతోషిస్తుంది? నేను చదివిన తర్కగ్రంథాలు ఈ విషయంలో మౌనం వహించాయి. చివరికి సొంత బుద్ధిని ఆశ్రయించి, పెద్దవి ఉండవలసిన చోట చిన్నవీ, చిన్నవి ఉండవలసిన చోట పెద్దవీ అతికించాను.

పక్కింటి సారక్క గడపలో నిలబడి చాలాసేపు చూసింది.

"గిదేంది పంతులమ్మా? సచ్చిన బర్రె బొక్కల లెక్కున్నది!"

"ఓడ, సారక్కా."

"ఓడనా? మరి దీని ముంగటేది, ఎన్కేది?"

"అదే ఆలోచిస్తున్న."

"నువ్వు ఆలోచించెటాల్లకు గోదారి ఎండుతది, తియ్యి!"

ఊడదీసి మళ్లీ అతికించాను. పక్కపలకలు వంగడానికి వేడి తగలాలన్నారు. ఇడ్లీపాత్రలో పెట్టి ఆవిరి పట్టాను. పలకలు వంగాయి. ఆ వారమంతా ఇడ్లీలు రంపపుపొట్టు వాసన వేశాయి. పలకలను ఆరేదాకా పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు కావాలన్నారు. ఓడ పుణ్యమా అని మా దండెం మీది చీరలు మూడిళ్ల అవతల దొరికాయి. ఇవన్నీ ప్రపంచంలో ఏ నౌకాశిల్పికైనా తప్పని కష్టాలే. వీటిలో మా ప్రాంతపు గొప్పతనం ఏమీ లేదు.

గొప్పతనం జిగురు దగ్గర మొదలవుతుంది. తెరచాప కొయ్యను నిలబెట్టాక ఒక పగలు, ఒక రాత్రి ఓడ కదలరాదని పుస్తకం ఆదేశం. ఆ పుస్తకం రాసినవాడు పాపం ఏ నిశ్శబ్ద దేశంలో పెరిగాడో!

మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. కాసేపటికి భూమి కడుపులో ఎవరో పెద్ద గుండిగ దొర్లించినట్టు మోత. కిటికీ అద్దాలు గలగలమంటాయి. గూట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నా తెరచాప కొయ్య వినయంగా సాష్టాంగపడుతుంది!

దీన్ని నష్టమని తొందరపడి తీర్మానించేవారు కార్యకారణ సంబంధం తెలియనివారు. ఇతర ప్రాంతాలలో ఓడ కట్టేవాడి గతి ఏమిటి? కొద్ది నెలలలో పూర్తిచేస్తాడు, అద్దాల పెట్టెలో పెడతాడు, మిగిలిన జీవితమంతా దుమ్ము దులుపుతాడు. నాకు ఆ దుర్గతి లేదు. నిన్న నిలబెట్టినది నేడు పడుతుంది. నేడు పడినదాన్ని రేపు నిలబెడతాను. వేళ్లకు నిత్యం పని! కారణం బాంబు, కార్యం ఆరోగ్యం. డాక్టరు ఆశ్చర్యపోయి, ఏ మందు వాడుతున్నారని అడిగాడు. పేరు చెప్పాను. ఆయన మందుల చీటీ మీద రాయలేదు.

ఇతర లాభాలు కూడా తక్కువేమీ కాదు. పప్పులో రాలే సున్నం ఎముకలకు బలం. గోడల బీటలు వాస్తును అనుసరించి ఏర్పడకపోయినా, గాలిని అనుసరించి ఏర్పడ్డాయి. సారక్కకూ నాకూ ఉమ్మడి గోడలోని బీటలోంచి ఇప్పుడు కరివేపాకు రెమ్మలు రాకపోకలు సాగిస్తున్నాయి. నగరాలలో ఇరుగుపొరుగుల మధ్య ఇంతటి సాన్నిహిత్యం ఉందా?

అయినా నా ఓడ కొంత ముందుకు సాగింది. వానకు గని గుంత నిండి పేలుళ్లు ఆగినప్పుడు ఒక పక్క పలకలు ఆరాయి. సమ్మె జరిగినప్పుడు రెండో పక్క ఆరింది. ఎవరో ప్రముఖులు పర్యటనకు వచ్చి, వారి చెవులకు ఇబ్బంది కలగకూడదని బాంబులు మానినప్పుడు చుక్కాని అతుక్కుంది. అంటే నా ఓడ కుడిపక్క వరుణదేవుడిది, ఎడమపక్క కార్మిక ఐక్యతది, చుక్కాని ప్రభుత్వానిది. ఇంత సమగ్రమైన ఓడ ఏ రేవులోనైనా ఉందా?

తెరచాప కొయ్య మాత్రం నిలవలేదు. వాడంతా దాని క్షేమం అడగసాగింది. "ఓడ ఇయ్యాల నిలవడ్డదా పంతులమ్మా?" అని పాలుపోసే ఆమె కూడా.

సారక్కకు ఆసక్తి కలగడానికి వేరే కారణం ఉంది. వాళ్ల వెనకగది గోడ నేల నుంచి కప్పు దాకా చీలి, చెయ్యి పట్టేంత సందు ఇచ్చింది. కూతురు సంతోషి తొలికాన్పుకు రావలసినది ఆ గదిలోకే. ఉన్న ఇంకో గది వంటిల్లు. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పేలుళ్లు జరిపే గుత్తేదారు మనుషులు ఒక యంత్రం తెచ్చి నేల మీద పెట్టి, అదురు హద్దులోనే ఉందని, గోడ చీలడానికి కారణం గోడ వయసేనని చెప్పి వెళ్లారు. వయసే కారణమైతే నేను ఎన్నడో నిలువునా రెండు కావలసినదాన్ని!

"మనం జెప్తే ఇనరు," అంది సారక్క. "నీ ఓడ చెప్తది. ఆ ఇంజనీరును పిలువు. టీ తాగుకుంట కూసోమను. ఆయన కండ్ల ముంగట్నే పడనియ్యి."

కార్యాన్ని చూపి కారణాన్ని నిరూపించడం. అది నిర్దోషమైన అనుమాన ప్రమాణం. గుత్తేదారు ఇంజనీరు విజయేంద్రకు ఫోన్ చేశాను. మర్యాదస్తుడు. నవ్వి ఒప్పుకున్నాడు.

"సరే మేడం. మీ ఓడ మా బ్లాస్టింగ్‌కు పడితే, అదురు ఇండ్లదాంక వస్తుందని రిపోర్టుల రాస్త. ఈ దిక్కు పేలుడుమందు తగ్గిస్తరు, గోడ రిపేరు గూడ చేపిస్తరు. పడకపోతే?"

"పడకపోతే మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి," అన్నాను. ఆ కొయ్య పతనం మీద నాకు అంత విశ్వాసం!

ఆ రోజు నేను పూజలో ఉండగా సారక్క భర్త సదయ్య ఇంట్లోకి వచ్చి పోయినట్టు అలికిడి అయింది. సదయ్య భూగర్భ గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయినవాడు. కుర్చీలు సర్దడానికి వచ్చాడనుకున్నాను.

మధ్యాహ్నం విజయేంద్ర వచ్చి ఓడ ఎదురుగా కూర్చున్నాడు. సారక్క టీ ఇచ్చింది. గడపలో వాడంతా. సైరన్ మోగింది.

మోత వచ్చింది. అద్దాలు గలగలమన్నాయి. గూట్లోంచి గరిటె కింద పడింది. కప్పు నుంచి ఒక సున్నపు పెళ్ల నేరుగా ఇంజనీరు టీలో పడింది.

తెరచాప కొయ్య పడలేదు! గాలి లేని చోట దీపంలా నిటారుగా నిలబడి ఉంది.

విజయేంద్ర చెంచాతో పెళ్లను తీసి సాసరులో పెట్టాడు. "చూసిండ్రా మేడం? గింత సన్నపుల్లే నిలవడ్డది. గోడకేమైతది?"

"మరి మీ టీలో పడినది?"

"అది పాత సున్నం మేడం." టీ గురించి ఒప్పందంలో ఏమీ లేదు మరి. ఆయన నమస్కారం చేసి వెళ్లాడు.

అప్పుడు ఓడ పైపలకను ఎత్తి చూశాను. లోపల అగ్గిపుల్లల అడవి! ప్రతి పక్కటెముక కింద ఒక పుల్ల, పుల్లకూ పుల్లకూ మధ్య అడ్డపుల్ల, తెరచాప కొయ్య మొదట్లో నాలుగువైపులా చెక్కపేళ్లు బిగించి ఉన్నాయి. అది ఓడ కాదు, బొగ్గుగని!

సదయ్య సిగ్గుపడుతూ ముందుకు వచ్చాడు. "నేనే పెట్టిననమ్మా. పెద్దసారు వస్తుండె గదా. మా బొగ్గుబాయిల ఇన్‌స్పెక్షన్ అంటె ముందుగాలనే సపోర్టులన్ని బిగిచ్చి, బొగ్గుదుమ్ము మీద తెల్లపొడి జల్లి, అంత సక్కగ జేసి పెడుతుంటిమి. ఆయన ముంగట ఓడ కూలితె నీ పరువేం గావాలె?"

"ఓరి నీ తెలివి తెల్లారిపోను!" సారక్క నెత్తి కొట్టుకుంది. "కూలాల్నని గదా ఆయన్ను పిలిచింది!"

"కూలేటిది చూపెట్టనీకి ఆఫీసర్‌ను ఎవలన్న పిలుస్తరానె?" అన్నాడు సదయ్య నిజంగానే అర్థంకాక. ఆయన ఉద్యోగ జీవితంలో అలా ఒక్కసారీ జరగలేదు.

"ఓడకు పెట్టిన సపోర్టు గోడకు పెట్టకపోయినవ్! నీ బిడ్డ ఓడల పండుకుంటదా?"

మేమందరం సదయ్యను నిందించాం గానీ, తర్కం అంగీకరించదు. కొయ్య పడి ఉంటే ఏం జరిగేది? పంతులమ్మ జిగురు మంచిది కాదని రాసేవారు. పడితే తప్పు జిగురుది, పడకపోతే తప్పు ఎవరిదీ కాదు. ఏ వైపు నుంచి బయలుదేరినా ఒకే నిర్ణయానికి చేరే ఇటువంటి వాదాన్ని నేను ఇన్నేళ్లూ దోషమని బోధించాను. అది దోషం కాదు, రిపోర్టు!

ఆ వారంలోనే సదయ్య సర్వితోపు నుంచి దుంగలు తెచ్చి వెనకగదిలో నిలబెట్టాడు. గోడకు ఏటవాలుగా కొన్ని, కప్పు కింద నిటారుగా కొన్ని, వాటి మీద అడ్డదూలం. సంతోషి నిండు కడుపుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాయినా, నన్ను కాన్పుకు పిలిచినవా, డ్యూటీకి పిలిచినవా?"

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల ఆ అడ్డదూలానికే కట్టారు. రిటైరయిన మనిషికి ఇంట్లోనే పూర్వపు ఉద్యోగం కల్పించిన ఘనత బాంబులది కాదా? రోజూ సైరన్ మోగగానే అందరూ పసిపిల్లతో బయటికి వస్తారు. మోత ఆగగానే సదయ్య ముందుగా లోపలికి వెళ్తాడు. చేతికర్రతో గోడను, కప్పును కొట్టి చెవి పెట్టి వింటాడు. గనిలో కప్పు గట్టిగా ఉందో లేదో అలాగే తెలుసుకునేవారట. శబ్దం గట్టిగా పలికితే "తోలుకరాండ్రి" అంటాడు, పసిపిల్లను లోపలికి తెస్తారు. బోలుగా పలికిన రోజున ఏమీ అనడు. తల్లీబిడ్డా నా ఇంట్లో పడుకుంటారు. నా గోడ చీలిక ఇంకా కరివేపాకు పట్టేంతే.

విజయేంద్ర గారూ, మీ రిపోర్టు నకలు అందింది. గోడకు ప్రమాదం లేదని స్పష్టంగా రాశారు, సంతోషం. మరొక్కసారి టీకి రండి. ఈసారి ఓడ ఎదుట కాదు, ఉయ్యాల పక్కన కుర్చీ వేయిస్తాం. మోత ఆగగానే సదయ్య గోడను కొట్టి చూస్తాడు. ఆయన రమ్మంటే ఆయన మాట మీద లోపలికి వెళ్లండి. ఏమీ అనకపోతే, మీ రిపోర్టు మీద వెళ్లండి.