పదకొండు శ్రీలు

అది 2003. హోసూరు దగ్గర విడిభాగాల ఫ్యాక్టరీలో ఆ ఉదయం గోపాలకృష్ణకు ఉన్నది ఒకే పని. కంప్యూటర్‌ను శుభ్రంగా తుడిచి, బెంగళూరు నుంచి తనిఖీకి వచ్చే ఇంజనీరు చైత్రకు అప్పగించాలి. పాతికేళ్లు గోడౌన్‌లో మూటలెత్తి, రిజిస్టర్లు రాసి నడుము పోగొట్టుకున్న మనిషి అతను. కంప్యూటర్ గదికి వచ్చి మూడు నెలలైంది. తనిఖీ సరిగ్గా జరిగితే ఈ కుర్చీ ఖాయం, లేకపోతే మళ్లీ మూటలే.

అందుకే మత్తిగిరి నుంచి తొలి బస్సుకే వచ్చి అగరుబత్తి వెలిగించాడు. కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్ ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచాడు. చదవగలిగే అక్షరాలున్న ప్రతిదాంట్లో మొదటి వరుసలో, ఇంగ్లీషు అక్షరాల్లోనే, ‘శ్రీ’ కొట్టి సేవ్ చేశాడు. పిచ్చి గుర్తులు కనిపించినవాటిని ముట్టుకోలేదు.

చైత్ర వచ్చి కూర్చుంది. "ప్రతి ఫైలుకీ వేలిముద్ర మాదిరి ఒక నంబరు ఉంటుందప్పా. కంపెనీ ఇచ్చిన లిస్టులో నంబర్లతో పోలిస్తే అసలుదో కాదో తెలిసిపోతుంది," అంది.

పోల్చి చూస్తే పన్నెండు ఫైళ్లు కలవలేదు.

మేనేజరు జయప్రకాశ్ ముఖం పాలిపోయింది. "ఎవురో బయటోళ్లు దూరినారు," అంటూ గోడలోని వైరు పీకేశాడు. దాంతో, ఆ కంప్యూటర్‌తోనే నడిచే క్యాంటీన్ టోకెన్ మిషన్ ఆగింది. టోకెన్ లేనిదే అన్నం లేదు. కంప్యూటర్‌కు ఏదో రోగమట అన్న మాట గేటు దాకా పాకింది.

క్యాంటీన్ మారక్క పసుపునీళ్ల చెంబుతో వచ్చింది. "మున్నూరు మంది అన్నం తట్టలు పట్టుకోని నిలబడుండారు సార్. మీ పెట్టె రోగం ఎప్పుడు తగ్గుతాది?" అంటూ కీబోర్డు మీద చల్లేసింది.

చైత్ర తడి తుడుచుకుంటూ ఫైళ్లు తెరిచింది. మొదటిదాంట్లో ‘శ్రీ’. రెండోదాంట్లోనూ ‘శ్రీ’.

"ఎవురో దొంగ గుర్తు పెట్టి పోయినాడు," అన్నాడు జయప్రకాశ్. "పోలీసులకి చెప్పాల."

గోపాలకృష్ణ ముందుకొచ్చాడు. "దొంగ కాదు సార్, నేనే. కొత్త పుస్తకం తెరిస్తే పైన శ్రీ రాయకుండా నాకు చెయ్యి ఆడదు."

"ఒక్క అక్షరం చేరినా నంబరంతా మారిపోతుందప్పా," అంది చైత్ర జాలిగా.

"ఇంకేముంది, పన్నెండూ నీ పనే. రేపట్నుంచి గోడౌన్‌కి పో," అన్నాడు జయప్రకాశ్.

"పన్నెండు కాదు సార్, పదకొండే రాసినాను. నా లెక్క తప్పదు."

చైత్ర పన్నెండోది వెతికింది. దాంట్లో అన్నీ పిచ్చి గుర్తులే, ‘శ్రీ’ లేదు. "తేదీ చూస్తే ఇది ఆదివారం మారింది. ఆ రోజే ఎవరో ఆటల సీడీ వేసిన గుర్తు కూడా ఇందులో ఉంది. దాన్నుంచి వైరస్ ఎక్కింది."

గోపాలకృష్ణ రిజిస్టరు తెరిచాడు. "ఆదివారం నాకు లీవమ్మా. గది తాళంచెవి సార్ తీసుకున్నారు. ఈడ సంతకముంది."

జయప్రకాశ్ ఫ్యాను వైపు చూశాడు. "పిల్లోడు ఒకటే పోరు పెడితే... కార్ల ఆట. ఒక్కసారే."

"మీరు ఆడుకోండి సార్, మా అన్నాలు మాకియ్యండి," అంది మారక్క.

చైత్ర అసలు సీడీ నుంచి పన్నెండు ఫైళ్లూ మళ్లీ ఎక్కించింది. నంబర్లన్నీ కలిశాయి, టోకెన్లు కదిలాయి. కంప్యూటర్ గదికి లెక్క తప్పని మనిషే ఉండాలని రిపోర్టులో రాసి, జయప్రకాశ్ చేతే సంతకం పెట్టించింది.

మర్నాడు ఆ గది తలుపు మీద మేనేజరు పేరుతో ఒక నోటీసు వెలిసింది: ‘కంప్యూటర్‌లో ఎవరూ సొంతంగా ఏమీ రాయరాదు.’ టైపు చేసింది గోపాలకృష్ణ కనుక, దాని పైన ‘శ్రీ’ ఉంది.