శిల్పి ఉరిశిక్షపై దొరగారి ఉత్తర్వు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉన్న మన ఆంధ్రులకు ఆ ఏడాది దక్కిన గౌరవం ఇంకెవరికీ దక్కలేదు. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఫ్రాన్సు రాజుగారి దర్బారును ఇన్‌స్టిట్యూట్ హాల్లో దింపుతున్నట్టు హెడ్ క్లర్కు జగన్నాథం గారు నోటీసు బోర్డు మీద ప్రకటించారు. "అందరూ గమనించవలెను" అని కింద ఎర్రసిరాతో గీత కూడా గీశారు. ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్న పెద్ద దొరగారు ముఖ్య అతిథి.

నాటకం జగన్నాథం గారే రాశారు. ఆ రాజు చిత్రకారుల్నీ శిల్పుల్నీ పోషించేవాడట. ఒక శిల్పి రాజుగారి విగ్రహం చేస్తూ ముక్కును ఉన్నదున్నట్టు చెక్కేశాడు. రాజు ఉరి తీయమన్నాడు. చివరి రంగంలో తన ముక్కు తానే అద్దంలో చూసుకుని, శిల్పిని క్షమించి శాలువా కప్పుతాడు.

వేషాలు గ్రేడు ప్రకారం పంచారు. చాలా న్యాయమైన పద్ధతి. అందరికన్నా పైగ్రేడు గనక జగన్నాథం గారు రాజు. ఆ తరవాతి గ్రేడు టైపిస్టు గోవిందరావుది గనక అతను రాణి. మీసం మాత్రం తియ్యనన్నాడు.

"రాణికి మీసమేటండీ?" అన్నాను.

"అచ్ఛా, అయితే చెలికత్తె వేషం ఇస్తారా? గ్రేడు తగ్గించినట్టు కాదూ?" అన్నాడు.

సబబే. నేను పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ని. ఊళ్ళో నాలుగు ముక్కలు చదువుకున్నాను గనక తెర లాగి, పక్కనుంచి మాటలందించే పని నాకిచ్చారు.

శిల్పి వేషం ఎవరికీ అక్కర్లేకపోయింది. లోకోషెడ్‌లో ఇంజన్లు తుడిచే కళాసీ అప్పలస్వామికి ఇచ్చారు. షెడ్‌లో మనుషులు ఎక్కువయ్యారని, నెలాఖరుకి అతన్ని తీసేస్తున్నామని అప్పటికే చెప్పేశారు. ఉద్యోగంతో బాటు ఉంటున్న రైల్వే కోటరూ పోతుంది.

"ఒరే అప్పలస్వామీ, నువ్వు మోకాళ్ళ మీద పడతావు. నేను క్షమిస్తాను. దొరగారి మనసు కరుగుతుంది. అప్పుడు నీ ఉద్యోగం సంగతి ఆయన చెవిలో వేస్తాను," అన్నారు జగన్నాథం గారు. ఇంత ముందుచూపున్న రాజు ఫ్రాన్సులో కూడా ఉండి ఉండడు.

అప్పలస్వామి పెళ్ళాం మంగాయమ్మ చంటిదాన్ని చంకనేసుకుని రిహార్సలుకి వచ్చి జగన్నాథం గారిని అడిగేది.

"బాబూ, మావోణ్ణి వొగ్గేస్తారు గదా? మాట తప్పరు గదా?"

"నాటకంలో రాసే ఉంది మంగాయమ్మా."

"రాసుంటే సరే బాబూ. తమరు నోటితో అనాల గదా."

సింహాసనం దగ్గర చిక్కొచ్చింది. దొరగారి కుర్చీకన్నా హెడ్ క్లర్కు కుర్చీ ఎత్తుగా ఉండకూడదు. సింహాసనం కాళ్ళు కోయించారు. చాల్లేదు. స్టేజీయే ఎత్తు. చివరికి దొరగారి కుర్చీని స్టేజీ మీదికెక్కించి, ఫ్రాన్సు దర్బారును కింద నేలమీద జంపఖానా పరిచి కూర్చోబెట్టారు. తెర స్టేజీకే ఉంది. కాబట్టి ఆ రోజు రంగం మారినప్పుడల్లా నేను తెర దించితే దొరగారు మాయమయ్యేవారు. తెర ఎత్తితే మళ్ళీ కనబడేవారు. జనం ప్రతిసారీ చప్పట్లు కొట్టారు.

చివరి రంగం వచ్చింది. రతన్‌పూర్ రామలీల వాళ్ళ దగ్గర కిరాయికి తెచ్చిన కిరీటం సర్దుకుని, జగన్నాథం గారు అద్దంలో ముక్కు చూసుకున్నారు. మెడలో ఉరితాడుతో అప్పలస్వామి మోకాళ్ళ మీద పడ్డాడు. రాజుగారు స్టేజీ మీది దొరగారి వైపు చూశారు.

"శిల్పీ, నిన్ను క్షమించితిమి," అని నేను పక్కనుంచి అందించాను. మళ్ళీ అందించాను.

"వినబడిందయ్యా!" అన్నారు రాజుగారు పళ్ళ మధ్య నుంచి. "పైఅధికారి ఎదురుగా కూచునుండగా నేను క్షమించడమేటి? నేను ఉద్యోగం చేసుకోవాలా, వద్దా?"

"బాబూ, తాడు బిగుస్తంది," అన్నాడు శిల్పి.

"కేసు పరిశీలనలో ఉంది, ఊరుకో."

రాజుగారు లేచి, స్టేజీ వైపు తిరిగి వంగి దండం పెట్టారు. "ఈ ఉరి కేసును మా సిఫారసుతో పైవారికి పంపుకొనుచున్నాము!"

"ఇదేటి బాబూ! రాసుందన్నారు గదా!" అని జనంలోంచి మంగాయమ్మ అరిచింది.

సంగతేమిటని దొరగారు అడిగారు. రాణి మీసం తుడుచుకుని ఇంగ్లీషులో విన్నవించింది. దొరగారు స్టేజీ దిగి, టేపు తెప్పించి, ముందు దర్బారులో పెట్టిన రాజుగారి మట్టి విగ్రహం ముక్కు కొలిచారు. తరవాత జగన్నాథం గారి ముక్కు కొలిచారు. రాజుగారు ఊపిరి బిగబట్టి సహకరించారు.

"కరెక్ట్," అన్నారు దొరగారు. "ఉరి రద్దు."

హాలు దద్దరిల్లిపోయింది. మంగాయమ్మ చంటిదాన్ని పైకెత్తి చూపించింది. జగన్నాథం గారు ఇచ్చిన మాట ప్రకారం దొరగారి చెవిలో ఏదో వేశారు. దొరగారు తలాడించారు. అది నేను కళ్ళారా చూశాను.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. రాణిగారే టైపు చేశారు. శిల్పి ఉరిశిక్ష రద్దు చేయడమైనది.

నెలాఖరున జగన్నాథం గారు స్వయంగా తాళంకప్ప పట్టుకుని అప్పలస్వామి కోటరుకి వచ్చారు. సామాన్లు మోద్దామని నేనూ వెళ్ళాను.

"ఇదేటి బాబూ? దొరగారు వొగ్గేసినారు గదా?" అంది మంగాయమ్మ.

"ఉరి నుంచి వొగ్గేశారు."

"ఉద్యోగం సంగతి సెవిలో ఎయ్యలేదేటి?"

"వేశాను. కేసు నడుస్తున్న మనిషిని తీసెయ్యడానికి రూలు ఒప్పుకోదు. ఆ ఉరి తేలకుండా పడుంటే నీ మొగుణ్ణి ఎవరూ కదపలేకపోదురు. అదే మనవి చేశాను. దొరగారు దయామయులు. 'కేసు నేను తేల్చేశాను గదా, ఇంక తియ్యడానికి అడ్డమేముంది?' అన్నారు."

మంగాయమ్మ నెత్తిమీది మూట కిందకి దించింది. మొగుడి వైపు ఓసారి చూసింది.

"అయితే బాబూ, ఆ ఉరి మల్లీ ఏయించీరాదా?"

జగన్నాథం గారు వేళ్ళ మీద రూల్సు లెక్కపెట్టి చూశారు. ఆయనది జాలిగుండె.

"ఉరి కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి మంగాయమ్మా. దరఖాస్తు పెట్టుకోవాలంటే ఉద్యోగం ఉండాలి," అని చెప్పి, కోటరుకి తాళం వేసి, పడిందో లేదోనని ఒకటికి రెండుసార్లు లాగి చూశారు.