సిద్ధప్ప పేరోలు

ఆ సోమవారం ఎమ్మిగనూరులో ఆరున్నర బస్సెక్కి, ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు గేటు తెరిచేలోగా, జీతాల లెక్కలు కూడా నేర్పే టైపు ఇన్‌స్టిట్యూటుకు వెళ్లి ఫీజు కనుక్కోవాలన్నది సిద్ధప్ప ఆలోచన. మగ్గాల వీధిలో బి.కాం. పాసైన మొదటివాడు అతనే. పాసై రెండేళ్లయినా మిల్లులో పత్తి బండ్ల నంబర్లు రాసే గేటు గుమాస్తాగానే ఉన్నాడు. అది కూడా సీజను ఉన్నంత వరకే. ఏప్రిల్‌లో జిన్నింగు ఆగితే అతని ఉద్యోగమూ ఆగుతుంది. 1978 మార్చి నెలాఖరుకు జీతాల గుమాస్తా భీమసేనరావు రిటైరవుతున్నాడు. "ఆలోపల పేరోలు పని నేర్చుకుంటే ఆ కుర్చీ నీదే. లేదంటే బళ్లారి నుంచి మనిషిని పిలిపిస్తా" అని మేనేజరు చెప్పి ఉన్నాడు.

అన్నిటికంటే దగ్గరి దారి భీమసేనరావు నేర్పడమే. కానీ ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ జీతాల పుస్తకాన్ని ఎవరి కంటా పడనివ్వలేదు. ఎవరైనా బల్ల దగ్గరికి వస్తే దాని మీద టవలు కప్పేవాడు. అందుకని సిద్ధప్ప ఏదో ఒక కోర్సు చూసుకోవాలనుకున్నాడు. అతనిదీ అనుమానం మనసే. సంగతి బయటికి పొక్కితే ఇంకెవడైనా ముందే నేర్చుకుంటాడని భయం.

మగ్గానికి నూలు కండెలు చుడుతున్న తల్లి గిరిజమ్మతో గడప దాటుతూ అన్నాడు. "అమ్మా, పేరోలు గడువు ఈ నెలతో అయిపోతాంది. ఏదో ఒకటి తేల్సుకోవల్ల. ఎవరికీ సెప్పొద్దు. తెలిస్తే నా కత ముగిసినట్లే."

గిరిజమ్మ చేతిలో కండె జారింది. "పేరోలా? యాన్నుంచి నాయనా?"

"ఆదోని నుంచే. ఇంగ యాన్నుంచి?" అంటూ అతను బస్సు కోసం పరుగెత్తాడు.

మిల్లులో జీతాల పట్టీని పేరోలు అంటారని గిరిజమ్మకు తెలియదు. ఆమెకు తెలిసిన పేరోలు ఒకటే. పై వీధిలో ఒకడు జైలు నుంచి పది రోజుల పేరోలు మీద తమ్ముడి పెండ్లికి వచ్చి, భోజనాలు కాగానే పోలీసుల వెంట వెళ్లిపోయాడు.

ఆదోనిలో టైపు ఇన్‌స్టిట్యూటు మాస్టరు సిద్ధప్పను కింది నుంచి పైదాకా చూశాడు.

"నెలకు నలభై. ఆరు నెలలు."

"ఏమేమి నేర్పుతారో చూపిస్తారా సార్?"

"చూపిస్తే నువ్వు రాసుకోని పోతావు. ముందు ఫీజు కట్టు."

"కట్టినాక ఏమీ లేదంటే?"

"అట్లా అనుమానం ఉండేవాడు చదువుకు పనికిరాడప్పా" అని మాస్టరు తలుపు దగ్గరికి వేశాడు.

నెలకు నూటయాభై సంపాదించేవాడికి నలభై పెద్ద మాటే. పైగా అతనికి మిగిలింది నెల రోజులు కూడా కాదు. సొంతంగా చదువుకుందామని పుస్తకాల అంగడికి వెళితే ఇరవై రెండు రూపాయల పుస్తకం ఒకటి దొరికింది. నిలబడి పది పేజీలు తిరగేశాడు. అందులో లెక్కలన్నీ బొంబాయి ఓడల్లో పనిచేసే వాళ్ల జీతాలవి. ఆదోనిలో ఓడ లేదు. ఇక మిగిలింది హైదరాబాదు వాళ్ల పోస్టు కోర్సు. వాళ్లకు ముందే కార్డు రాశాడు. మిల్లులో ఎవరూ చూడకుండా ఇంటి చిరునామా ఇచ్చాడు.

జవాబు గురువారం ఇంటికి వచ్చింది. పోస్ట్‌మన్ గిరిజమ్మకు చదివి వినిపించాడు. "అక్కా, తపాలా ముద్ర పంపినోళ్ల పేరు మీదనే పడింది. ఎవురో కనపడలే. కింద మాత్రం బాగుంది. 'తమ పేరోలు విషయమై దరఖాస్తు అందినది. సత్ప్రవర్తన ధ్రువపత్రము వెంటనే పంపవలెను. గడువు మార్చి పదిహేనుతో ముగియును. గడువు పొడిగించబడదు.'" చదివేసి అతను కార్డును రెండు వేళ్లతో పట్టుకుని ఆమె ఒళ్లో వదిలాడు. ఎప్పుడూ ఆగి మజ్జిగ తాగి పోయేవాడు, ఆ రోజు ఆగలేదు.

గిరిజమ్మ తన తమ్ముడు సుంకప్పను పిలిపించింది. అతను కార్డును తిరగేసి మరగేసి చూశాడు.

"అక్కా, ఒగ సంగతి సెప్పు. వాడు శనివారం సాయంత్రం వస్తాడు, సోమవారం పొద్దున్నే పోతాడు. ఒక్కనాడన్నా నిలబడినాడా?"

"లేదురా. బస్సు తప్పితే గేటు కాడ ఒప్పుకోరంటాడు."

"ఏ గేటని అడిగినావా?"

గిరిజమ్మ అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు సుంకప్ప కార్డు జేబులో పెట్టుకుని ఆదోని వెళ్లాడు. సిద్ధప్ప చెప్పిన చోట నిజంగానే మిల్లు ఉండడం చూసి మరింత అనుమానపడ్డాడు. సిద్ధప్ప పత్తి బేళ్ల వెంట రైలు స్టేషనుకు వెళ్లి ఉన్నాడు. పేరోలు సంగతి ఎవరు చూస్తారని గేటులో అడిగితే ఆఫీసుకు పంపారు. అక్కడ భీమసేనరావు ఒక్కడే ఉన్నాడు. కొత్త మనిషిని చూడగానే పుస్తకం మీద టవలు కప్పాడు.

"సామీ, మా సిద్ధప్ప పేరోలు మీ సేతిలో ఉందంటనే" అన్నాడు సుంకప్ప.

కుర్చీ కోసం చుట్టాలను సిఫార్సుకు పంపాడని భీమసేనరావు అనుకున్నాడు. "నా చేతిలో నెలాఖరు దాకానే. ఆ తర్వాత లోపలికి ఎవర్ని తీసుకుంటారో మేనేజరు ఇష్టం."

"మళ్లా లోపలికేనా సామీ? ఎంత కాలం?"

"ఒకసారి లోపల కూర్చుంటే వయసు మళ్లేదాకా కదిలించరు. నేను ముప్పై ఒక్క ఏండ్లు ఉండినా."

సుంకప్ప ఆయన నుదుటి మీది అంగార, అక్షింతల బొట్లు చూశాడు. "మీరు గూడానా? మంత్రాలయం సామి మాదిరి ఉండారే. దేనికోసరం సామీ?"

"కడుపు కోసం."

సుంకప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మావోడు అట్లాంటోడు కాదు సామీ. ఏమి సేసినా తెలీక సేసింటాడు. జైలుకు పోయినాడని మాకే నిన్న తెలిసింది."

భీమసేనరావు చేతిలో పెన్ను ఆగింది. "జైలుకా?"

సుంకప్ప కార్డు ఇచ్చాడు. పేరోలు, సత్ప్రవర్తన, గడువు అనే మూడు మాటలను ఆయన రెండుసార్లు చదివాడు. శనివారం కాగానే ఆ పిల్లవాడు ఎమ్మిగనూరు ఎందుకు పరుగెత్తుతాడో ఇప్పుడు అర్థమైంది. అక్కడి పోలీసు స్టేషన్లో సంతకం పెట్టడానికన్నమాట. ఆయన గొంతు తగ్గించి, "ఎవర్నన్నా... ఏమన్నా చేసినాడా?" అన్నాడు.

"ఎంతమందినో మాకు సెప్పలే సామీ" అన్నాడు సుంకప్ప.

శనివారం పొద్దున సిద్ధప్ప గేటు దగ్గరికి రాగానే భీమసేనరావు నుంచి కబురు వచ్చింది. వెళ్లేసరికి బల్ల మీద టవలు లేదు.

"కూర్చో నాయనా. కుర్చీలోనే కూర్చో. నువ్వు పేరోలు గురించి చూస్తాండావని తెలిసింది."

"ఎవరు సెప్పినారు సార్?"

"ఎవరూ చెప్పలేదు. ఎవరి మీదా కోపం పెట్టుకోవద్దు" అంటూ ఆయన పుస్తకం తెరిచాడు. హాజరు ఎట్లా ఎక్కించాలో, ఓవర్‌టైం ఎట్లా కట్టాలో, ఏ కోత ఏ గడిలో రాయాలో మధ్యాహ్నం దాకా చెప్పాడు. సిద్ధప్పకు ఇది మోసమనిపించింది. కావాలని తప్పు నేర్పి మేనేజరు ముందు నవ్వులపాలు చేస్తాడేమోనని పాత నెలల పట్టీలతో పోల్చి చూశాడు. పైసా కూడా తేడా రాలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

అట్లా రెండు వారాలు గడిచాయి. ఆ నడిమి రెండు ఆదివారాలూ సిద్ధప్ప ఊరికి కూడా వెళ్లకుండా పట్టీలు రాశాడు. ఆ తర్వాత వెళ్లిన శనివారం గిరిజమ్మ అతన్ని చూసి ఏడ్చింది. పక్కనే సుంకప్ప, సత్ప్రవర్తన గలవాడని మగ్గాల వీధిలో అరవై మంది చేత వేలిముద్రలు వేయించిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు. సంగతి రాబట్టేసరికి సిద్ధప్ప తల పట్టుకున్నాడు.

"జీతాల పట్టీని పేరోలు అంటారు మామా. జైలూ లేదు, పాడూ లేదు."

"మరి ఆ సామి ముప్పై ఒక్క ఏండ్లు ఉండినా అన్నాడే" అన్నాడు సుంకప్ప, కాగితం మాత్రం మడవకుండా.

సిద్ధప్పకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ప్రావిడెంటు ఫండు పాఠం ఇంకా మిగిలే ఉంది. అది రాకపోతే కుర్చీ రాదు. నిజం చెబితే టవలు మళ్లీ పుస్తకం మీదికి వస్తుంది. చెప్పకపోతే ఒక పెద్దమనిషిని భయపెట్టి చదువు కాజేసినట్టవుతుంది. సోమవారం బస్సులో ఆదోని దాకా ఆలోచించి, నేరుగా వెళ్లి భీమసేనరావు ముందు నిలబడ్డాడు.

"సార్, మా మామ తప్పు సెప్పినాడు. నేను జైలుకు పోలేదు. ఆ కార్డులో ఉండే పేరోలు ఈ పేరోలే."

భీమసేనరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కుర్చీని మూరెడు వెనక్కి జరుపుకున్నాడు. "పోయినోళ్లు ఎవరూ పోయినామని చెప్పరు నాయనా. నాకెందుకు ఆ సంగతి?"

"కావాలంటే మా ఊరి స్టేషన్లో అడగండి సార్."

"స్టేషను దాకా పోతానని నేను అన్నానా? అనలేదు. నువ్వే గుర్తు పెట్టుకో, నేను అనలేదు" అంటూ ఆయన గబగబా పేజీలు తిప్పాడు. ప్రావిడెంటు ఫండుకు వారం పడుతుందని అంతకుముందు చెప్పినవాడు ఆ సాయంత్రానికే ముగించాడు.

నెలాఖరున మేనేజరు పరీక్ష పెట్టాడు. ఏప్రిల్ ఒకటిన సిద్ధప్ప ఆ కుర్చీలో కూర్చున్నాడు. తక్కువ ఖర్చులో పేరోలు నేర్చుకోవడానికి ఏ కోర్సు మంచిదని అడిగినవాళ్లకు మాత్రం అతను ఏనాడూ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాడు.