అంబులెన్సుకి ఇంజెక్షన్

మా ఆసుపత్రి అంబులెన్సు ప్రజాసేవలో ఇరవై ఎనిమిదేళ్లు పూర్తిచేసుకున్న సందర్భంగా, దాని మీద వస్తున్న వదంతులన్నీ నిరాధారమని వాహన విభాగం గుమాస్తా హోదాలో మనవి చేసుకుంటున్నాను. అది స్టార్టు కాదన్నది పచ్చి అబద్ధం. అవుతుంది. కాకపోతే చలిరోజుల్లో దానికి కాస్త బుజ్జగింపు కావాలి. చోక్ లాగాలి, ఆగాలి, మళ్లీ లాగాలి, నలుగురు వెనకనించి తొయ్యాలి. మా ఊరివాళ్లు ఇంగితం తెలిసినవాళ్లు గనక గుండెనొప్పి వచ్చేలా ఉందనిపించగానే, రాకముందే ఫోను చేసేవారు.

దాన్ని నడిపే ఆయన్ని అందరూ నిమ్మళం బాబాయి అంటారు. లోపల రోగి ఏ స్థితిలో ఉన్నా "నిమ్మళంగా పోదాం" అనడం ఆయన అలవాటు. బండి ఏనాడూ ఆయన మాట జవదాటలేదు. ఈ సంగతులు జరిగేనాటికి ఆయన పదవీ విరమణకి ఆరు నెలలుంది. అంతవరకు బండీ తనూ ఏ గొడవా లేకుండా గట్టెక్కితే చాలని ఆయన కోరిక.

దాన్ని బతికించే ఆవిడ స్పానరక్క. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది; అక్కడ తప్ప ఎవరూ వాడరు. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఇరవై ఏళ్లుగా మెకానిక్కు. ఇంజను చప్పుడు విని ఏ ప్లగ్గు చచ్చిందో చెప్పేస్తుంది. మా పెద్ద డాక్టర్లు అన్ని పరీక్షలూ చేయించి కూడా చెప్పలేని రోజులున్నాయి కానీ, అది వేరే విభాగం విషయం.

ఆ ఏడాది ఎండాకాలం మిట్టమధ్యాహ్నం స్పానరక్క తోడికోడలికి నొప్పులొచ్చాయి. బండి బయల్దేరింది. వంతెన మిట్ట సగం ఎక్కేసరికి ఆ వేడికి పెట్రోలు కార్బ్యురేటర్‌లోనే మరిగి ఆవిరైపోయింది. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. స్పానరక్కా ఆమె మరిదీ వెనకనించి తోశారు. మిట్ట కదా, వాళ్లు తోసినంతా బండి వెనక్కి తిరిగి ఇచ్చేసింది. బిడ్డ అక్కడే పుట్టాడు. పుట్టి, ఏడవలేదు. బండిలో ఉన్న నర్సమ్మ వాడి కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద తట్టింది. రెండు నిమిషాలు పట్టిందట. తన సర్వీసు మొత్తం ఒక ఎత్తు, ఆ రెండు నిమిషాలు ఒక ఎత్తని నిమ్మళం బాబాయి తర్వాత చెప్పాడు. చివరికి ఏడ్చాడు. రోడ్డు మీద అందరూ ఏడ్చారు.

ఈ ఘటనని మా ఆసుపత్రి సూపరింటెండెంటు పెద్దసారు చెబుతుండగా నేనే నివేదికగా రాశాను. "మా ఆసుపత్రి యందు సంచార ప్రసూతి సౌకర్యం విజయవంతముగా ప్రారంభింపబడినది." వారం తిరక్కుండా ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. నెలకి ఇలాంటివి ఎన్ని చేయగలరో లక్ష్యం తెలుపవలసిందని కూడా అడిగారు.

స్పానరక్క ఆ అభినందన చదివి, మడిచి, నా బల్ల మీద పెట్టింది. "ఇంకొక బిడ్డ కూడా ఆ మిట్టమీద పుట్టకూడదు తమ్ముడూ," అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ మాట మాత్రం మెల్లిగా అంది.

ప్రహరీ పక్కన పెద్దసారు పాత కారు ఒకటి ఉండేది. లారీ వెనకనించి గుద్దితే డిక్కీ వెనక సీటుదాకా వచ్చేసింది. నాలుగేళ్లుగా వేలంపాట కోసం ఎదురుచూస్తోంది. ముందుభాగం మాత్రం చెక్కు చెదరలేదు. అందులో కార్బ్యురేటర్ ఉండదు, ఇంజెక్షన్ ఉంటుంది. అంటే, ఇంత గాలికి ఇంత పెట్రోలని కార్బ్యురేటర్ ఉజ్జాయింపుగా కలుపుతుంది. ఇంజెక్షన్‌లో ఒక చిన్న కంప్యూటరు వేడి చూసి, గాలి చూసి, లెక్కకట్టి చిమ్ముతుంది. ఆ సరంజామా తీసి అంబులెన్సుకి అమర్చడానికి అనుమతి ఇప్పించమని స్పానరక్క అర్జీ పెట్టింది. విషయం అన్నచోట "అంబులెన్సునకు ఇంజెక్షన్ ఇచ్చుట గురించి" అని రాసింది.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఫైలు ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్లింది. మందుల స్టోరు వాళ్లు ఏ మందు, ఎంత మోతాదు, నరానికా కండకా అని వివరణ కోరారు. జతచేసిన జాబితాలో ఆక్సిజన్ సెన్సరు అనే మాట ఉండడంతో సిలిండర్ల విభాగం కూడా తన అభిప్రాయం రాసింది. రెండు నెలలు తిరిగి తిరిగి ఫైలు హెడ్ నర్సు సంతకంతో దిగింది. "ముందుగా అలర్జీ పరీక్ష చేసి, ఇంజెక్షన్ ఇవ్వవచ్చును."

స్పానరక్క దాన్ని రెండుసార్లు చదివింది. "అనుమతి అనుమతే," అని షెడ్డు తలుపు తీసింది.

మూడు ఆదివారాలు పట్టింది. పాత ఇంజను నోరు ఒక కొలత, కారు ఇంజెక్షన్ నోరు ఇంకో కొలత. రెంటికీ మధ్య అల్యూమినియం పలక ఒకటి కోసి, ఆకురాయితో రుద్ది, అటూ ఇటూ బోల్టులు పట్టేలా చేసింది. పాత పంపు తోసే ఒత్తిడి చాలదని కారులోని కరెంటు పంపు పెట్టింది. మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకులోకి పోవడానికి ఇంకో గొట్టం వేసింది. సైలెన్సర్ గొట్టానికి చిల్లి పెట్టి సెన్సరు వెల్డింగు చేసింది. వైర్లన్నీ నేలమీద పరిచి ఒక్కోదానికి చీటీ కట్టింది. నిమ్మళం బాబాయి స్టూలు మీద కూర్చుని, తన పింఛను ఆ వైర్లలో ఏ వైరుకి వేలాడుతోందా అని చూస్తూ ఉండేవాడు.

మూడో ఆదివారం తాళం తిప్పితే ఇంజను అందుకుంది. అందుకుని నల్లటి పొగ కక్కింది. ప్లగ్గులన్నీ పెట్రోల్లో మునిగి ఇంజను చచ్చింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. బాబాయి లేచి, మన కార్బ్యురేటర్ మనకి పెట్టెయ్యమ్మా అన్నాడు. స్పానరక్క సాయంత్రందాకా ఒక్కో వైరు పట్టి చూసింది. చివరికి దొరికింది: ఇంజను వేడి చెప్పే సెన్సరు దగ్గర ఎర్త్ వైరుని ఇనుముకి తగలకుండా రంగు మీదే తను బిగించింది. ఆ రంగు అడ్డుపడి, ఇంజను కాలిపోతున్నా కంప్యూటరుకి మంచుగడ్డలా కనబడుతోంది. పాపం అది, చలేస్తోంది కదా అని పెట్రోలు పోస్తూనే ఉంది.

"థర్మామీటరు అబద్ధం చెబితే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు బాబాయ్," అంటూ రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించింది. ఈసారి తాళం సగం తిరక్కముందే ఇంజను పలికింది. ఎంత మెత్తగా పలికిందంటే బాబాయి నమ్మక ఇంకోసారి తాళం తిప్పబోయాడు. మర్నాడు వంతెన మిట్ట మూడో గేరులో ఎక్కాడు. మిట్ట దిగాక కాసేపు స్టీరింగు మీద చెయ్యేసి కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో నిమ్మళంగా పోదాం అనడం మర్చిపోయిన మొదటి రోజు అది.

ఇలాంటి పరిస్థితి ఎక్కువకాలం సాగనివ్వడం ఏ శాఖకీ మంచిది కాదు. వార్షిక తనిఖీకి ప్రధాన కార్యాలయం నుంచి అధికారి వచ్చారు. రిజిస్టరు తెరిచి ఒక్కో భాగం సరిచూశారు. కార్బ్యురేటర్ దగ్గర ఆగిపోయారు. రిజిస్టరులో ఉంది, బండిలో లేదు. ముగ్గురు సభ్యులతో సంఘం వేశారు. సంఘం రెండురోజులు కూలంకషంగా విచారించి తేల్చింది: కార్బ్యురేటర్ లేనిదే ఈ తరహా వాహనం నడవదు, ఈ వాహనానికి కార్బ్యురేటర్ లేదు, కావున ఈ వాహనం నడవదు. నిర్ణయం మీద సంతకాలు చేసి, రైలుకి వేళవుతోందని ముగ్గురూ అదే వాహనంలో స్టేషనుకి వెళ్లారు. అయిదు నిమిషాలు ముందే దింపినందుకు బాబాయిని మెచ్చుకున్నారు కూడా.

వెనకాలే ఉత్తర్వు వచ్చింది. పదిహేను రోజుల్లో కార్బ్యురేటర్ యథాస్థానంలో కనిపించాలి. లేనిచో వాహనాన్ని తుక్కు కింద జమకట్టాలి. అంతవరకు అది కదిలితే డ్రైవరు మీద చర్య.

నాలుగోరోజు పదకొండు గంటలకి ఫోను వచ్చింది. కట్టడం మీదనించి ఒక మేస్త్రీ పడిపోయాడు. రెండు కాళ్లూ విరిగాయి, రక్తం ఆగడంలేదు. ఫోను నేనే తీశాను. బాబాయి నా వంక చూశాడు. నేను ఉత్తర్వు వంక చూశాను. స్పానరక్క ఎవరి వంకా చూడలేదు. వెళ్లి డ్రైవరు సీటెక్కింది. "నువ్వు దిగమ్మా," అన్నాడు బాబాయి వెనకాలే వెళ్లి, "నీకింకా పన్నెండేళ్ల సర్వీసుంది."

బాబాయే నడిపాడు. తొమ్మిది నిమిషాల్లో వెళ్లొచ్చారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే తనకి పనే ఉండేది కాదని సర్జన్ అన్నాడు. నడవని వాహనం వెళ్లిరావడం నిబంధనల ప్రకారం అసాధ్యం గనక నేను రిజిస్టరులో నిజాయితీగా ఇలా రాశాను: "రెండు కాళ్లు విరిగిన క్షతగాత్రుడు స్వయంగా నడిచి విచ్చేసెను." ఆ వాక్యాన్ని ఈ రోజుదాకా ఏ ఆడిటరూ ప్రశ్నించలేదు.

మర్నాడు పెద్దసారు స్పానరక్కని పిలిపించారు. నేను ఫైళ్లు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఇంజెక్షన్ తీసెయ్యమని ఆయన చెబుతారని, చెప్పగానే ఉద్యోగం వదిలేస్తానని ఆమె గుమ్మం బయట నాతో అనే లోపలికొచ్చింది. పెద్దసారు చాలాసేపు పేపర్‌వెయిట్‌ని తిప్పారు.

"నీ ఇంజెక్షన్ సంగతి నాకు తెలీదు. తనిఖీనాటికి అక్కడ కార్బ్యురేటర్ కనిపించాలి. అంతే."

"కనిపిస్తే చాలా సార్?"

పెద్దసారు కిటికీలోంచి బయటికి చూశారు. "తనిఖీ అంటే చూడ్డమే కదమ్మా," అన్నారు.

ఆ మధ్యాహ్నం స్పానరక్క అటకమీంచి పాత కార్బ్యురేటర్ దించింది. కిరసనాయిల్లో కడిగి, ఇత్తడి మెరిసేలా తోమింది. బ్యాటరీ పక్కన ఒక ఇనపపట్టీ వేసి, దానిమీద రెండు బోల్టులతో కూర్చోబెట్టింది. గొట్టం లేదు, వైరు లేదు, ఇంజనుతో ఏ చుట్టరికమూ లేదు. రెండో బోల్టు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"వదులుగా బిగించాను, గట్టిగా బిగించాను, తప్పుగా కూడా బిగించాను. అబద్ధం బిగించడం మాత్రం ఇదే మొదలు తమ్ముడూ," అంది. మేస్త్రీ ఎలా ఉన్నాడని అడిగింది. లేచి కూర్చుంటున్నాడన్నాను. బోల్టు బిగించేసింది.

తనిఖీ అధికారి వచ్చి, బానెట్ ఎత్తించి, కార్బ్యురేటర్‌ని కళ్లారా చూసి, వేలితో ముట్టుకుని సంతోషించారు. బండెక్కి వంతెనదాకా వెళ్లొచ్చి మరీ ధ్రువీకరించారు. "కార్బ్యురేటర్ అత్యద్భుతముగా పనిచేయుచున్నది. ఇంధనము మునుపటికన్న ఆదా అగుచున్నది." ఆ నెలాఖర్లో సభ పెట్టారు. పెద్దసారు నలభై నిమిషాలు ప్రసంగించారు.

"కొత్తదనం పేరుతో పాతని పారేసే ఈ రోజుల్లో, మన అంబులెన్సు యావత్ లోకానికి ఒక పాఠం! ఒక పాత కార్బ్యురేటర్‌ని శ్రద్ధగా కాపాడుకుంటే ఎంత సేవ చేస్తుందో మనం నిరూపించాం!"

కార్బ్యురేటర్ పరిరక్షణకి గాను స్పానరక్కకి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆమె వేదికెక్కి, ఏదో చెప్పబోయి, మొదటి వరసలో చక్రాల కుర్చీలో కూర్చున్న మేస్త్రీని చూసి, నమస్కారం పెట్టి దిగిపోయింది. హాలంతా చప్పట్లు. నిమ్మళం బాబాయి కొట్టాడు. పత్రంలో వాక్యాలు రాసింది నేనే గనక నేను మరీ గట్టిగా కొట్టాను.

ఆ వార్త పేపర్లో పడ్డాక, వేరే ఊరి ఆసుపత్రి మెకానిక్కు ఒకాయన వచ్చాడు. వాళ్ల బండీ మా బండి ఈడుదేనట. స్పానరక్క షెడ్డు తలుపు దగ్గరికి వేసి, దాచకుండా మొత్తం చెప్పింది. పలక కొలత, పంపు ఒత్తిడి, తిరుగు గొట్టం, ఎర్త్ వైరు కింద రంగు గీకడం, అన్నీ. ఆయన శ్రద్ధగా పుస్తకంలో రాసుకున్నాడు, బొమ్మలు కూడా వేసుకున్నాడు. పనిమంతుడు, ఒక్క ప్రశ్న కూడా అనవసరమైంది అడగలేదు. అంతా అయ్యాక కలం మూతపెట్టబోయి ఆగాడు.

"ఇదంతా నేను చేసుకోగలనక్కా. ఆ పాతది మాత్రం ఏ పక్క బిగిస్తే సార్లకి బాగా కనిపిస్తుంది?"

స్పానరక్క అదీ చూపించింది. ఆయన దాని బొమ్మ కూడా వేసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన ఏ ఊరివాడో నేను చెప్పను. ఆ తర్వాత ఇంకా ఎంతమంది వచ్చారో కూడా చెప్పను. పాఠక మహాశయులకి మాత్రం ఒక్క విన్నపం: మీ ఊళ్లో అంబులెన్సు వేళకి వస్తున్నట్లయితే, దయచేసి బానెట్ ఎత్తి చూడకండి.