కుడి జబ్బ మీద సుడి

ఆ ఆదివారం పొద్దున సంజీవరావు మాస్టారి పథకం చాలా చిన్నది. హాలు గోడకు మేకు కొట్టడం, దానికి ఎద్దును తగిలించడం. ముప్పై ఏళ్ళు పిల్లల చేత కూజా, మామిడికాయ గీయించి రిటైరైన ఆ డ్రాయింగు మాస్టారికి ఆటోనగర్ పాత సామాన్ల కొట్లో, రేడియేటర్ల మధ్య దొరికిందా బొమ్మ. నూట యాభై ఏళ్ళ కిందట ఎవరో దొర రాగిరేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, కాగితం మీద అచ్చు తీసిన ఎద్దు. మూతి మీద తడి, కంటి కొసన ఈగ, కాడి మోసి అలిసిన మెడ, అన్నీ సన్నటి గీతలే. దాన్ని చూసి మాస్టారు అప్పటికే మూడుసార్లు కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన భార్య ఎలిజబెత్ కళ్ళు పొడిగానే ఉన్నాయి. "సాయంత్రం లోపల ఇంటికొచ్చినోళ్ళు ఒక్కరన్నా బాగుందంటే సరే. లేదంటే అటకెక్కిస్తా," అని తేల్చేసింది.

మాస్టారు వెంటనే కంకిపాడులోని బావమరిదికి ఫోన్ చేశారు. "సొలొమోనూ, ఎద్దును తెచ్చానయ్యా! హాల్లోనే పెట్టాను. నువ్వొచ్చి చూడాలి!" సంతోషంలో 'బొమ్మ' అన్న మాట మింగేశారు.

రెండు గంటల్లో సొలొమోను పచ్చగడ్డి మోపుతో, అర బస్తా తవుడుతో లిఫ్టెక్కాడు. రాలిన గడ్డిపరకల వెంట అపార్ట్‌మెంటు సెక్రటరీ రాజేశ్వరి మూడో అంతస్తుకు వచ్చేసింది.

"ఏంటండీ ఈ గడ్డి?"

"ఎద్దుకండీ. మా బావగారు హాల్లో పెట్టారు."

ఆవిడ గబగబా బెల్లు నొక్కింది. తలుపు తీసిన మాస్టారిని, "ఎద్దును లిఫ్టులో ఎట్లా తెచ్చారండీ?" అని నిలదీసింది.

"చంకలో పెట్టుకునండీ," అన్నారాయన గర్వంగా.

లోపలికొచ్చి గోడ మీది బొమ్మ చూశాక గానీ ఆవిడకు ఊపిరాడలేదు, సోఫాలో కూలబడింది. సొలొమోను మాత్రం నెత్తి మీది మోపు దించకుండానే బొమ్మను పరీక్షించాడు. మాస్టారు ఒక్క మంచి మాట కోసం అతని నోటి వంకే చూస్తున్నారు.

"మూపురం ఎవరు కోసేశారు బావగారూ?"

"అది సీమెద్దయ్యా, మూపురం ఉండదు. గీత చూడు, గీత!"

సొలొమోను వేలు ఒకచోట ఆగింది. "ఇదిగో, కుడి జబ్బ మీద సుడి. ఇట్టాంటిది ఇంట్లో ఉంటే యజమాని మంచమెక్కుతాడు."

"మనం సుడులు నమ్మం కదరా తమ్ముడూ?" అంది ఎలిజబెత్.

"మనం నమ్మమక్కా. ఆ సంగతి ఎద్దుకి తెలియాలిగా."

రాజేశ్వరి లేచి నిలబడింది. "కింద ఫ్లాటు మాదేనండీ! తీసెయ్యండి బాబూ!"

ఎలిజబెత్ స్టూలు తెచ్చింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. ఉన్నట్టుండి ఆయన గదిలోకి పరిగెత్తి, భార్య నిలువుటద్దాన్ని ఎత్తుకొచ్చి బొమ్మకు ఎదురుగా నిలబెట్టారు. "అచ్చు తీస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది! దొర చూసిన అసలు ఎద్దు ఇదీ!"

అద్దంలో ఎద్దు అటు తిరిగింది. సొలొమోను నెత్తి మీది మోపు దభీమని కింద పడింది.

"ఎడమ జబ్బ సుడి! లక్ష్మీదేవి లాంటి ఎద్దు... అంటే, స్తోత్రం, మంచి ఎద్దక్కా! ఆ చూపు చూడు, ఇప్పుడే కాడి దించినట్టుంది. నాకైతే ఆ ఈగను తోలాలనిపిస్తంది. ఎంత బాగుందో!"

మాస్టారు నాలుగోసారి కళ్ళు తుడుచుకున్నారు.

ఎలిజబెత్ మాట తప్పే మనిషి కాదు, ఎద్దు హాల్లోనే ఉంది. అయితే రాజేశ్వరి పట్టుబట్టడంతో ఎదుటి గోడకు నిలువుటద్దమూ బిగించక తప్పలేదు. ఇప్పుడు చర్చికి వెళ్ళే ముందు ఎలిజబెత్ హాల్లోనే తల దువ్వుకుంటుంది, భుజం మీదుగా ఎద్దు చూస్తుంటుంది.

"ఎట్లా ఉన్నానండీ?" అంటుందామె.

"జీవకళ ఉట్టిపడుతోంది," అంటారు మాస్టారు అద్దంలోకి చూస్తూ.

ఎవరిని చూసి అన్నారో ఆమె ఇంతవరకు అడగలేదు.